వడ్లు మేసిన గొర్రె నెమరు వేయడం లేదు, ఏం పెట్టాలి?

కలిగిరి చేను:

అన్నలూ అక్కలూ, మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లె. ఎకరంన్నర చేను, ఒక గేదె, కొన్ని గొర్రెలు ఉన్నాయి. అన్నీ నెల్లూరు జొడిపివే, తెల్లగా ఉండి కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలు ఉండేవి. మొన్న సాయంత్రం వాటిలో ఒక తల్లి గొర్రె పక్క కళ్లంలో పట్ట కింద పోసిన వడ్ల రాశిలో మూతి పెట్టి, ఎవరూ చూడకముందే కడుపునిండా మేసేసింది. తెల్లారేసరికి పడుకుని పళ్లు నూరుతోంది, ఎడమ డొక్క నిండిపోయి ఉంది, మధ్యాహ్నానికి పెంటికలు పోయి పలచగా, పుల్లటి వాసనతో పారుడు మొదలైంది, అందులో వడ్ల గింజలు అట్లాగే కనిపిస్తున్నాయి. డాక్టరు గారు వచ్చి సెలైన్ ఎక్కించి, బి1 ఇంజెక్షన్ చేసి, రెండు రకాల పొడులు ఇచ్చి వెళ్లారు. ప్రాణానికి పెద్దగా భయం లేదు, బాగా చూసుకో అన్నారు.

ఇవాళ లేచి నిలబడింది, నీళ్లు కొద్దిగా తాగింది. కానీ గడ్డి వాసన చూసి తల తిప్పేస్తోంది, నెమరు అసలు లేదు. అమ్మేమో నీరసంగా ఉంది కదా, గంజిలో బెల్లం కలిపి పట్టు అంటోంది, పక్కింటాయన వేరుశనగ నూనె పొయ్యమంటున్నాడు, ఇంకొకరు మజ్జిగలో వాము అంటున్నారు. మూడో నెల సూడిది. ఏది పెట్టాలి, ఎట్లా తాగించాలి, తగ్గుతోందని ఎట్లా తెలుస్తుంది? రాత్రి అంతా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

దర్శి జీవాలు:

తమ్ముడూ, ముందు ఆ గంజి ఆలోచన మానండి. అమ్మది ప్రేమే, కాదనను, మన ఇళ్లలో ఒంట్లో బాగాలేని వాళ్లకు పెట్టేది అదే కదా. కానీ దాని పొట్ట చెడిందే పిండి పదార్థం ఎక్కువై. మళ్లీ గంజి, అన్నం, నూకలు, బెల్లం నీళ్లు పోశామంటే ఆ రోగానికే మేత వేసినట్టు. మా వైపు ఇట్లా పోయిన జీవాలు చాలా ఉన్నాయి, వడ్లు తిన్న రోజు బతికి, మూడో రోజు గంజి తాగి పోయినవి. తవుడు, చిట్టు, చెక్క ఏవీ వద్దు, వారం పాటు గింజ మాటే ఎత్తొద్దు.

పెట్టాల్సింది ఎండుగడ్డి. వరిగడ్డి ఉంటే వరిగడ్డే, కానీ తడిసి బూజు పట్టింది కాకుండా మంచి పొడి గడ్డి చూసి వేయండి. ఎండు జొన్న చొప్ప సన్నగా నరికి వేసినా బాగుంటుంది. ముందు పెద్ద మోపు వేస్తే తినదు, ఒక గుప్పెడు చేతిలో పట్టుకుని మూతి దగ్గర పెట్టండి, తినకపోతే తీసేసి గంట తర్వాత కొత్త గుప్పెడు పెట్టండి. దాని ఎంగిలి పడి నలిగిన గడ్డిని అది ముట్టదు. మేడి ఆకు, మర్రి ఆకు, రావి ఆకు లాంటివి రెండు రెమ్మలు కట్టి వేలాడదీయండి, గడ్డి ముట్టని జీవం కూడా ఒక్కోసారి రెమ్మ లాక్కుంటుంది. అది నాలుగు ఆకులు నమిలితే సగం గెలిచినట్టే, ఎందుకంటే నమిలితేనే లాలాజలం ఊరుతుంది, ఆ లాలాజలంలోనే సోడా గుణం ఉంది, అది పొట్టలోకి దిగి పులుపుని విరుస్తుంది.

వంట సోడా సంగతి. ముప్పై కిలోల గొర్రెకు ఇరవై నుంచి ముప్పై గ్రాములు, అర లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపి పట్టడం మామూలుగా చేసే పని. కానీ డాక్టరు గారు ఇచ్చిన పొడుల్లో సోడా ఉండే ఉంటుంది, అందుకే ఫోన్ చేసి అడగకుండా మీరు అదనంగా పోయొద్దు. ఎక్కువైనా ఇబ్బందే.

పట్టేటప్పుడు జాగ్రత్త. చాలామంది తల ఆకాశానికి ఎత్తి, నాలుక బయటికి లాగి సీసా గొంతులో దింపుతారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కడుపు రోగం తగ్గి న్యుమోనియాతో పోయిన గొర్రెలున్నాయి. గొర్రెని మీ మోకాళ్ల మధ్య నిలబెట్టుకోండి, తల నేలకు సమానంగా, మహా అయితే కాస్త పైకి. నోటి పక్కన ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ నుంచి కొంచెం కొంచెం పోసి మింగిన తర్వాతే ఇంకో గుక్క. దగ్గితే వెంటనే తల వదిలేయండి. నీరసంగా పడుకుని మింగలేని స్థితిలో ఉంటే మాత్రం సీసా పెట్టొద్దు, డాక్టరు గొట్టం వేస్తేనే క్షేమం.

వింజమూరు పోలయ్య మనవడు:

మా తాత వేరుశనగ నూనె పోసేవాడు, ఎన్నో గొర్రెలు లేచి నిలబడ్డాయి. పెద్దల మందు ఊరికే పోదు, ఒక పావు లీటరు పోసి చూడండి అన్నా.

ఉదయగిరి వెటర్నరీ అమ్మాయి:

మీ తాతగారి మందు ఊరికే పోదు, నిజమే, కానీ అది వేరే జబ్బుకి. పచ్చి వేరుశనగ ఆకు, జనుము, పిల్లిపెసర లాంటి కాయజాతి పచ్చిమేత ఎక్కువగా మేసినప్పుడు పొట్టలో నురగ కట్టి గాలి బయటికి రాదు, ఎడమ డొక్క పైకి ఉబికి వేళ్లతో తడితే మోగుతుంది. అప్పుడు యాభై నుంచి వంద మిల్లీలీటర్ల నూనె ఆ నురగని విరగ్గొడుతుంది. పావు లీటరు మాత్రం గొర్రెకు ఎక్కువే. కలిగిరి అన్న గొర్రె పరిస్థితి అది కాదు. డొక్క నొక్కితే ముందు పిండిముద్దలాగా, తర్వాత నీళ్ల చప్పుడు వస్తోందంటే అది గింజ తిని పులిసిన పొట్ట. దానికి నూనె పనికిరాదు.

లోపల ఏం జరుగుతోందో చెబుతాను, తెలిస్తే ఎందుకు గంజి వద్దో అర్థమవుతుంది. గొర్రె పెద్ద పొట్టలో కోట్ల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి, అవి గడ్డిని అరిగిస్తాయి, వాటి పని సవ్యంగా ఉండాలంటే లోపల పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 నుంచి 7 మధ్య ఉండాలి. ఒకేసారి గింజలు పడితే పిండిని తినే రకాలు విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తాయి, పీహెచ్ 5.5 కంటే కిందికి, ఒక్కోసారి 5 కంటే కూడా కిందికి పడిపోతుంది. అప్పుడు గడ్డి అరిగించే జీవులు చచ్చిపోతాయి, పొట్ట కదలిక ఆగుతుంది, రక్తంలోని నీరు పొట్టలోకి లాగబడుతుంది. అందుకే పొట్ట నిండుగా ఉంటుంది గానీ కళ్లు లోపలికి పోతాయి, ఒళ్లు ఎండిపోతుంది. వడ్లకి పొట్టు ఉంది కాబట్టి కాస్త నెమ్మది, అదే నూకలో మొక్కజొన్న పిండో అయితే గంటల్లో మీదికొస్తుంది.

బి1 ఎందుకు చేశారంటే, మామూలుగా ఆ విటమిన్‌ని పొట్టలోని జీవులే తయారు చేస్తాయి, అవి పోతే మెదడు దెబ్బతింటుంది. గొర్రె తల పైకెత్తి ఆకాశం వైపు చూస్తున్నా, గోడకి తల ఆనించి నిలబడుతున్నా, కళ్లు కనపడనట్టు తట్టుకుంటున్నా ఒక్క గంట కూడా ఆగకుండా డాక్టరుని పిలవండి. రాత్రయినా సరే.

సూడిది అన్నారు. ఏ డాక్టరు వచ్చినా మొదట ఆ మాట చెప్పండి, వేరే ఆయన వస్తే మళ్లీ చెప్పండి. డెక్సా లాంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేస్తే సూడి జీవాలు ఈసుకుపోయే ప్రమాదం ఉంది. మూడో నెల అంటే ఈతకి ఇంకా రెండు నెలలు ఉంది కాబట్టి కొంత నయం, చివరి నెలలో మేత మానేస్తే ఇంకో పెద్ద సమస్య వచ్చిపడేది.

తగ్గుతోందని ఎట్లా తెలుస్తుంది అని అడిగారు కదా. ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనించి కాసేపు కదలకుండా ఉండండి. ఆరోగ్యంగా ఉన్న గొర్రెలో నిమిషానికి ఒకటి రెండు సార్లు పొట్ట మీ పిడికిలిని నెడుతుంది. ఇప్పుడు బహుశా ఏమీ తగలదు. ఎప్పుడైతే మెల్లగా ఒక తోపు తగులుతుందో, అప్పుడు పొట్ట మేలుకుంటోందన్నమాట, నెమరు తర్వాత వస్తుంది. జ్వరమానిని ఉంటే ఆసనంలో పెట్టి చూడండి, 102 నుంచి 103 ఫారెన్‌హీట్ మామూలు. 100 కంటే కిందికి పడి, చెవులు చల్లబడితే అది మంచి సూచన కాదు.

కలిగిరి చేను:

చాలా థాంక్స్ అన్నా, చెల్లీ. గంజి ఆపించాను, అమ్మకి మీరు రాసింది చదివి వినిపిస్తే ఒప్పుకుంది. డాక్టరు గారికి ఫోన్ చేశాను, పొడిలో సోడా ఉందంట, విడిగా వద్దన్నారు. పిడికిలి పెట్టి చూస్తే ఏదో కదిలినట్టు అనిపించింది గానీ నమ్మకంగా చెప్పలేను. మర్రి ఆకు రెండు నమిలింది. ఇంకో మాట, ఇక్కడ ఒకాయన ఆరోగ్యంగా ఉన్న గొర్రె నెమరు తీసి దీని నోట్లో పెడితే నెమరు వస్తుందంటున్నాడు, అది నిజమా లేక నమ్మకమా? ఇంకా అది ఎక్కువసేపు ఒక పక్కకే ఒరిగి పడుకుంటోంది, పర్వాలేదా?

ఉదయగిరి వెటర్నరీ అమ్మాయి:

నెమరు సంగతి నిజమే. చచ్చిపోయిన జీవుల స్థానంలో బతికున్న జీవుల్ని పంపడం అది, మా కాలేజీలో కూడా చేస్తారు. కానీ నోట్లోంచి తీసే ముద్దలో ఉండేది చాలా తక్కువ. మాంసం కొట్టు దగ్గర పొద్దున్నే కోసిన ఆరోగ్యమైన గొర్రె పెద్ద పొట్టలోని సరుకుని పలచని గుడ్డలో పిండితే వచ్చే రసం మేలు, అర లీటరు నుంచి లీటరు దాకా. ఒళ్లు వేడి చల్లారకుండా మూత ఉన్న ఫ్లాస్కులో తెచ్చి, ఆలస్యం చేయకుండా పట్టాలి. మొదటి రోజే పోస్తే లోపలి పులుపుకి ఆ జీవులు కూడా చస్తాయి. సోడా పని చేసి పులుపు విరిగాక, అంటే మీకు ఇవాళో రేపో, డాక్టరుని అడిగి ఆయన చేతనే గొట్టం ద్వారా వేయించండి.

కావలి మందమ్మ:

బాబూ, పక్కకి ఒరగడం అసలు పర్వాలేదు అనుకోవద్దు. పూర్తిగా పక్కకి పడుకుంటే పొట్టలో గాలి బయటికి రాదు, ఉబ్బి ఊపిరాడక పోతుంది. రొమ్ము నేలకి ఆని, కాళ్లు కిందికి మడుచుకుని కూర్చున్నట్టు ఉండాలి. రెండు గోతాల్లో వరిగడ్డి కుక్కి రెండు పక్కలా ఒత్తుగా పెట్టండి. కొన్ని గంటలకొకసారి పక్క మార్చండి, లేకపోతే కింది కాలు తిమ్మిరెక్కి లేవలేదు. లేవగలిగితే పగలు రెండు మూడు సార్లు పట్టుకుని పది అడుగులు నడిపించండి.

పారుడు అవుతున్న గొర్రె తోక కింద, తొడల మీద అంటుకున్నది గోరువెచ్చని నీళ్లతో కడిగి తుడవండి, అక్కడి బొచ్చు కత్తిరించండి. ఈ ఎండల్లో ఈగలు వాలితే పురుగు పడుతుంది. మనుషులు వేసుకునే, విరేచనాలు ఆపే బిళ్లలు వేయొద్దు, ఆ పుల్లటిదంతా బయటికి పోవాలి. పోయే నీటికి బదులు నీళ్లు మాత్రం ఎప్పుడూ ముందు ఉండాలి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కొత్తవి, నీడలో. చిటికెడు ఉప్పు వేయొచ్చు. పుల్ల మజ్జిగ వద్దు, ఉన్న పులుపే చాలు.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది, దాన్ని ఒంటరిగా కట్టేయకండి. గొర్రె ఒంటరిగా ఉంటే బెదురుతుంది, అరుస్తుంది, మేత ముట్టదు. మందలో నెమ్మదైనదాన్ని ఒకదాన్ని తడిక అవతల కట్టండి, అది గడ్డి నమిలే చప్పుడు వింటే దీనికీ మూతి కదులుతుంది.

దర్శి జీవాలు:

మందమ్మ చెప్పినట్టు చేయండి. లేచి తిరిగాక మాత్రం తొందరపడి మందతో తోలొద్దు. కాళ్లు గమనించండి, వడ్లు తిన్న కొన్నాళ్లకి డెక్కలు వేడెక్కి ముళ్ల మీద నడిచినట్టు కుంటుతాయి కొన్ని, అట్లా కనిపిస్తే మెత్తటి నేల మీద ఉంచి డాక్టరుకి చూపించండి. పెంటికలు మళ్లీ గుండ్రంగా పడి, నెమరు కుదురుగా వేసి వారం దాటాకే దాణా గుప్పెడు, తర్వాత రెండు వారాల మీద కొంచెం కొంచెం పెంచుతూ పోండి.

మీ మందకి చిటుక రోగం టీకా వేయించి చాలాకాలమైందంటే ఇప్పుడే అడగండి. గింజలు ఎక్కువ తిన్న జీవంలో ఆ రోగం సూక్ష్మజీవి పేగుల్లో రెచ్చిపోతుంది, అప్పుడు మందులకి టైం ఉండదు, రాత్రి బాగున్నది పొద్దున్నకి పోయి ఉంటుంది. వానలకి ముందే, మే నెలలో ఆ టీకా వేయించడం మంచిది, మొదటిసారి అయితే రెండు మూడు వారాలకి రెండో డోసు కూడా. తొలకరి పడ్డాక లేత గడ్డి విరగబడి మేసినప్పుడు కూడా ఇదే రోగం. పశువుల ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకి ఫోన్ చేస్తే సంచార వైద్యం వ్యాను వస్తుంది. కళ్లాలు ఎత్తేదాకా మాత్రం సాయంత్రం మందని తోలుకొచ్చి దొడ్డి తలుపు వేశాక ఒకసారి లెక్క చూసుకోండి.