తుపాను రోజులకి యార్డులో డీజిలు డ్రమ్ములు పెట్టాలా, బంకునే నమ్ముకోవాలా?

డెల్టా డిస్పాచ్:
భీమవరం దగ్గర 20 లారీల కంపెనీ. తుపానొస్తే కరెంటు పోతుంది, చెరువుల రైతులు జనరేటర్లకని క్యాన్లతో బంకు దగ్గర బారులు తీరతారు, లారీకి డీజిలు దొరకదు. యార్డులో 200 లీటర్లవి 12 డ్రమ్ములు పెట్టాలని కొందరు, వద్దని కొందరు. మీరేమంటారు?

గట్టుమీద లారీ:
పెట్టాల్సిందే. నిప్పంటుకునే తీరుని బట్టి డీజిలు బి తరగతి. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం ఒకచోట 2,500 లీటర్లు దాటకుండా, ఏ డ్రమ్మూ 1,000 లీటర్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. లారీకి 120 లీటర్లు పంచినా, 4 కి.మీ. మైలేజీకి 480 కి.మీ. పోతుంది. డెల్టా దాటాక ఎక్కడైనా కొట్టించుకోవచ్చు.

నాజిల్:
చట్టం ఒప్పుకుంటే చాలదండి, నీళ్లు కూడా ఒప్పుకోవాలి. డీజిలు లీటరు 0.83 కిలోలు. నిండు డ్రమ్ము ఇనుముతో కలిపి 185 కిలోలు దాటదు, అది తోసే నీళ్లు 200 కిలోల పైమాటే. అంటే నిండుదైనా తేలుతుంది. యనమదుర్రు డ్రైను పొంగి పడుకోబెట్టిన డ్రమ్ముల దగ్గర రెండడుగులు నిలిస్తే అవి బయల్దేరతాయి. గోడకి కొట్టుకుని బిరడా వదులైతే పక్క చెరువులో రొయ్య పోతుంది. ఆ పరిహారం ముందు మీ 2,400 లీటర్ల ఖరీదెంత? హెచ్చరిక రాగానే లారీకి 300 చొప్పున ట్యాంకులు నింపండి, 6,000 లీటర్లు చక్రాల మీదే ఉంటాయి. సగం ట్యాంకైతే లోపలి గాలి తేమ రాత్రికి నీరై దిగుతుంది కూడా.

గట్టుమీద లారీ:
ఆ రోజు అన్ని లారీలూ యార్డులో ఉంటేగా! సగం చెన్నై దారిలో ఉంటాయి. నిండు ట్యాంకుతో మూడు రోజులు నిలబెడితే పైపేసి లాగేవాళ్లకి పండగే. మూతకి తాళం, పొద్దున సాయంత్రం డిప్ రీడింగు (కడ్డీ ముంచి డీజిలు మట్టం చూడ్డం) లేకపోతే లెక్క తేలదు. డ్రమ్ములు తేలకుండా చూడ్డం బ్రహ్మవిద్యేం కాదు. ఎత్తరుగు మీద పెట్టి, కాంక్రీటులో నాటిన కొక్కేలకి గొలుసేస్తే సరి.

ఇంజెక్టర్ డాక్టరు:
మీరిద్దరూ బయట చూస్తున్నారు, చెడేది లోపల. నిలబెట్టిన డ్రమ్ము మీద వాననీరు నిలుస్తుంది. పగటి వేడికి లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి ఆ నీటిని బిరడా సందుల్లోంచి లాక్కుంటుంది. అందుకే పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెల చోట ఉండేలా చూడాలి. వాడే ముందు ఒకరోజు నిలబెట్టి తేరనివ్వండి. డిప్ రాడ్ చివర వాటర్ పేస్టు రాసి ముంచితే రంగు మారినంత మేర నీరున్నట్టు. చేతిపంపు గొట్టం అడుక్కి మూడంగుళాలు పైనే ఉండాలి. బీఎస్‌6 (కొత్త పొగ ప్రమాణాల) బళ్లలో డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు పాత ఇంజన్లలా నీళ్లకి సర్దుకుపోవు.

యాడ్‌బ్లూ, అదే పొగ శుద్ధికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం, దాని మాట ఎవరూ ఎత్తలేదేం? అది అయిపోతే డీజిలుండి కూడా లారీ లాగదు. 100 లీటర్ల డీజిలుకి సుమారు 5 లీటర్లు కావాలి. 2,400కి 20 లీటర్ల క్యాన్లు ఆరు, నీడలో పెట్టండి.

డెల్టా డిస్పాచ్:
గోదావరి లంకల్లోకి కొబ్బరి, అరటి లోడ్లకి వెళ్లే బళ్ల సంగతి?

నాజిల్:
వాటికి భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం చూడండి. 48 అడుగులు, అంటే రెండో హెచ్చరిక దాటగానే ట్యాంకులు ఫుల్. ధవళేశ్వరం బ్యారేజీలో వరద 13 లక్షల క్యూసెక్కులకి చేరితే బళ్లన్నీ ఏటిగట్టు ఇవతలికి రావాలి. 17 లక్షల మూడో హెచ్చరిక దాకా ఆగితే కాజ్‌వేలు కనపడవు. 2022 జూలైలో భద్రాచలంలో 71 అడుగులు దాటింది. డ్రమ్ములంటారా, నాలుగు చాలు. బంకువాళ్లని ఇప్పుడే అడగండి, వాళ్ల జనరేటరు పంపుని నడుపుతుందా, లైట్లకేనా అని.

గట్టుమీద లారీ:
నాలుగంటే 800 లీటర్లు, ఏడు లారీలకి కూడా రాదు. ఎనిమిది పెట్టండి. పక్కన మంటలార్పే పొడి ఉండే డీసీపీ సిలిండరు, ఇసుక బక్కెట్లు ఉండాలి, బీడీ కాల్చే క్లీనర్లని ఆ ఛాయలకి రానివ్వకండి, ఆయ్.