సబ్మిట్ నొక్కకుండానే ఆడిటర్ ఆఫీసు నుంచి ఫోన్: మా నాన్న వివరాలు వాళ్లకెలా చేరాయి?

వేదాయపాలెం_అమ్మాయి

అందరికీ నమస్కారం. వెబ్‌సైట్ల పని తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. రెండు రోజుల నుంచి మా నాన్న సరిగ్గా అన్నం కూడా తినడం లేదు.

నాన్న కావలిలో ఉంటారు. కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. 1998లో కొన్న ఇంటి స్థలం ఒకటి ఈమధ్యే అమ్మారు. దాని మీద పన్ను ఎంత కట్టాలో కనుక్కుందామని ఫోన్లో వెతికితే ఒక ఆడిటర్ల సంస్థ వెబ్‌సైటు కనిపించింది. ఊరూ పేరూ ఇక్కడ రాయను. ఉచిత సలహా కావాలంటే ఫారం నింపమన్నారు. పేరు, ఫోన్, ఈమెయిల్, పుట్టిన తేదీ, పాన్, ఆ కింద ఆధార్, చివర్లో బ్యాంకు స్టేట్‌మెంట్ అప్‌లోడ్. నాన్న పాన్ దాకా నింపి, ఆధార్ గడి దగ్గర ఆగి నాకు ఫోన్ చేశారు. "స్థలం అమ్మిన సంగతికి ఆధార్ ఏందమ్మా?" అన్నారు. "వద్దు నాన్నా, మూసెయ్" అన్నాను. మూసేశారు.

మర్నాడు పొద్దున పదింటికి ఆ ఆఫీసు నుంచి ఫోన్. పేరు పెట్టి పలకరించి, "ఫారం సగంలో వదిలేశారు సార్, మిగతాది మేం నింపుకుంటాం, ఆధార్ చెప్పండి" అన్నారట. నాన్న పెట్టేశారు. అప్పటి నుంచి ఒకటే మాట, "నేను నొక్కలేదమ్మా, ఆ బటన్ ముట్టుకోనే లేదు." ఆయన తప్పేం లేదని నేనెంత చెప్పినా వినడం లేదు.

ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. ఆధార్ జిరాక్సు ఎవరికిచ్చినా దాని మీద అడ్డంగా రెండు గీతలు గీసి, మధ్యలో "గ్యాస్ కనెక్షన్ కొరకు మాత్రమే" అనో, "సిమ్ కార్డు కొరకు మాత్రమే" అనో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇస్తారు. షాపువాళ్లు విసుక్కున్నా ఆయన పెన్ను తీయాల్సిందే. అలాంటి మనిషికి ఆ ఫారంలో గీత గీయడానికి చోటేదీ? నా బాధ అక్కడే.

నొక్కకుండా ఎలా వెళ్లింది? అందరూ ఇలాగే చేస్తారా? ఇప్పుడు తీసేయమని అడిగే హక్కు మనకుందా?

మాగుంట_లేఅవుట్_వెబ్ పని

అక్కా, మీ నాన్నగారు నొక్కలేదు, అది నిజం. ముందు ఆయనకు ఆ మాట చెప్పండి.

నేను నెల్లూరులో వెబ్‌సైట్లు చేస్తాను. ఫారం పేజీతో పాటు ఒక చిన్న ప్రోగ్రాం కూడా మన ఫోన్లోకి దిగుతుంది. ఒక గడి నింపి పక్క గడిలోకి వేలు పెట్టగానే, మొదటి గడిలో ఏముందో అది వాళ్ల సర్వర్‌కు పంపేస్తుంది. బటన్ నొక్కేదాకా ఆగదు. ఫారం సగంలో వదిలేసినవాళ్ల జాబితా తయారుచేసి, మర్నాడు ఫోన్లు చేయడానికి పెట్టుకునే ఏర్పాటు ఇది. సైటుకు తగిలించుకునే రెడీమేడ్ ఫారాల్లో (ప్లగిన్లు అంటాం) కొన్నిటిలో దీన్ని ఆన్ చేయడానికి ఒక్క టిక్కు చాలు. ఇద్దరు కస్టమర్లు అడిగితే నేనూ పెట్టిచ్చాను. మీ పోస్టు చదివాక ఆ ఇద్దరికీ ఫోన్ చేసి తీసేద్దామని చెప్పాను. ఒకాయన ఒప్పుకున్నారు, రెండో ఆయనతో ఇంకా మాట్లాడుతున్నాను.

మీరే చూసుకోవచ్చు. కంప్యూటర్లో ఆ పేజీ తెరిచి ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అనే చోటుకు వెళ్లండి. ఫారంలో ఏదో ఉత్తుత్తి పేరు కొట్టి పక్క గడిలోకి వెళ్లండి. గడి మారినప్పుడల్లా అక్కడ కొత్త లైను పడుతుంటే దాని మీద నొక్కండి. మీరు కొట్టిన పేరు అందులో కనిపించిందంటే అది వెళ్లిపోయినట్టే.

ఫారం ముట్టుకోకపోయినా కొన్ని వెళ్తాయి. ఐపీ అడ్రస్, ఏ ఫోను, ఏ పేజీలో ఎంతసేపున్నారు, గూగుల్లో వెతికి వచ్చారా ఇంకెక్కడి నుంచైనా వచ్చారా. సైటుకు ఎవరొచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ లేని వెబ్‌సైటు నాకు అరుదుగా కనిపిస్తుంది. సైటుకు వచ్చినవాళ్ల సంగతి ఫేస్‌బుక్‌కు చేరవేసే పిక్సెల్ అనే కోడ్ కూడా ఉంటే నాన్నగారికి పన్నుల ప్రకటనలు మొదలుకావచ్చు.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం ఆ అప్‌లోడ్ గడి. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన సైటులో ఎక్కించిన ఫైళ్లు మామూలుగా సంవత్సరం, నెల పేర్లతో ఉండే ఫోల్డర్లలో పడతాయి. ప్రత్యేకంగా తాళం వేయకపోతే లింకు తెలిసిన ఎవరైనా తెరవొచ్చు. రిపేరుకని నా దగ్గరికొచ్చిన ఒక సైటులో జనం పాన్ కార్డుల ఫోటోలు అలా బయటే పడి ఉన్నాయి. ఆ సైటు ఓనరుకు ఆ సంగతే తెలియదు.

కొత్తపట్నం_బీచ్

ఆధార్, పాన్ ఇప్పటికే లాడ్జీ నుంచి లోను ఆఫీసు దాకా అందరి దగ్గరా ఉన్నాయి గదా. దీనికింత టెన్షన్ అవసరమా?

ఒంగోలు_ఆడిటర్

కొత్తపట్నం తమ్ముడికి ముందు జవాబు. అవసరమే. ఇన్‌కంటాక్స్ సైటులో ఏఐఎస్ అని ఒక పత్రం ఉంటుంది. మన బ్యాంకు వడ్డీ, షేర్లు, అమ్మిన స్థలాలు లాంటివి అందులో ఉంటాయి. ఆ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఏంటో తెలుసా? చిన్న అక్షరాల్లో పాన్, దాని పక్కనే పుట్టిన తేదీ. రిటర్ను వేశాక డిపార్ట్‌మెంట్ పంపే 143(1) ఇంటిమేషన్‌కూ అదే. ఆ కాగితం ఎప్పుడైనా వేరేవాళ్ల చేతిలో పడితే, ఈ రెండు గడులు నింపించుకున్నవాళ్ల దగ్గర తాళంచెవి కూడా ఉన్నట్టే. ఈ రెండూ ఒకే ఫారంలో అడగడం నాకు అస్సలు నచ్చదు.

అమ్మా, మా ఆఫీసుకు కొత్తగా వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది మూడు సంగతులే. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఎప్పుడు ఎంతకు అమ్మారు. అంతే. 1998లో కొన్నదంటే కొన్న ధరకు బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకునే వీలుంది, దానికి ఆ నాటి రిజిస్ట్రేషన్ విలువ కావాలి. 2024 జూలై 23న గానీ ఆ తర్వాత గానీ అమ్మి ఉంటే ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెండూ లెక్కేసి తక్కువ పడేది కట్టొచ్చు. ఈ మాట చెప్పడానికి ఆధార్ నంబరెందుకు? రిటర్ను వేసే పని మాకు అప్పగించాక పాన్ తీసుకుంటాం. బ్యాంకు స్టేట్‌మెంట్ ఆ తర్వాత సంగతి.

ఇంకో మాట. క్లయింటు వివరాలు ఆయన ఒప్పుకోకుండా బయటపెట్టడం మా వృత్తిలో తప్పు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూల్లో మొట్టమొదటి క్లాజే అది. ఇంకా క్లయింటు కాని మనిషి దగ్గర ఇలా లాక్కున్న వివరాలను ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో ఆ వెబ్‌సైటు పెట్టించినవాళ్లు ఒక్కసారైనా ఆలోచించి ఉంటే బాగుండేది. సాటి వృత్తివాడిగా నాకు సిగ్గుగా ఉంది.

జూనియర్_లాయర్_నెల్లూరు

హక్కు సంగతి నేను చెప్తానక్కా. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అయితే సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. అప్పటి నుంచి ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో ముందే విడిగా చెప్పాలి, అవసరమైనంతే తీసుకోవాలి. ఆ నోటీసు తెలుగులో కావాలని మనం అడగొచ్చు. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. డేటాకు సరైన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది.

అప్పటిదాకా ఏమీ లేదనుకోకండి. ఐటీ చట్టం కింద 2011 నిబంధనలు నడుస్తూనే ఉన్నాయి. వెబ్‌సైటులో ప్రైవసీ పాలసీ ఉండాలి, ఫిర్యాదులు చూసే అధికారి పేరు, ఆయన్ను సంప్రదించే వివరాలు పెట్టాలి, ఫిర్యాదు వస్తే నెలలోపు తేల్చాలి. కాబట్టి ఆ పేజీలో పేరు వెతికి ఆయనకే ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్తే మన చేతిలో ఏ రుజువూ ఉండదు. ఏం తీసుకున్నారు, ఎక్కడ పెట్టారు, ఇంకెవరికైనా ఇచ్చారా అని అడిగి, తీసేసి రాతపూర్వకంగా తెలపమని రాయండి. ఈ వివరాలతో ఎవరైనా డబ్బు కాజేస్తే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

వేదాయపాలెం_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. నిన్న శనివారం కావలి వెళ్లాను.

తమ్ముడు చెప్పినట్టు నా ల్యాప్‌టాప్‌లో ఎఫ్12 నొక్కి నాన్నకు చూపించాను. పేరు దగ్గర "సుబ్బయ్య" అని కొట్టి పక్క గడిలోకి వెళ్లగానే కొత్త లైను పడింది. నొక్కితే లోపల సుబ్బయ్య ఉన్నాడు. నాన్న కళ్లద్దాలు పైకి తోసుకుని దగ్గరగా వచ్చి చూశారు. "అయితే నేను నొక్కలేదు" అన్నారు. "లేదు నాన్నా" అన్నాను. అప్పుడు లేచి వెళ్లి చేతులు కడుక్కొచ్చి కూర్చుంటే అమ్మ వడ్డించింది.

తర్వాత వాళ్ల ప్రైవసీ పాలసీ చదివాను. ఇంగ్లీషులో ఉంది. కాలిఫోర్నియాలో ఉండేవాళ్ల హక్కుల గురించి ఒక పేరా మొత్తం ఉంది, మన చట్టం మాట ఒక్కటీ లేదు. ఫిర్యాదు అధికారి పేరూ లేదు. ఉన్న ఒకే ఒక ఈమెయిల్‌కు లాయర్ తమ్ముడు చెప్పిన ప్రశ్నలన్నీ రాశాను. నాన్న తన పేరు మీదే పంపమన్నారు. పంపేముందు, పైన ఇంకో లైను రాయమన్నారు: "ఈ ఈమెయిల్ చిరునామా ఈ జవాబు కొరకు మాత్రమే."

జవాబు ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే పెడతాను. ఆడిటర్ గారూ, సోమవారం దస్తావేజులు తీసుకుని నాన్నను ఒంగోలు పంపాలనుకుంటున్నాను, మీ ఆఫీసు ఎక్కడో మెసేజ్ పెడతారా? జిరాక్సుల మీద ఆయన గీతలు గీస్తారు, ఏమీ అనుకోకండి.

ఒంగోలు_ఆడిటర్

పెట్టానమ్మా. పదకొండు తర్వాత రమ్మనండి. ఒరిజినల్స్ నా ముందే చూపించి వెనక్కి తీసుకెళ్లమనండి. గీతలు గీయడానికి పెన్ను నేనే ఇస్తాను.