పాత అమెరికన్ రేడియో నాటకాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి?

కొత్తశ్రోత:
1930–50ల నాటి అమెరికన్ రేడియో నాటకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కుప్పలుగా ఉన్నాయి. ‘సస్పెన్స్’, ‘ఎస్కేప్’ కొన్ని డౌన్‌లోడ్ చేసి వింటున్నాను. ఐదు నిమిషాలు తిరిగేసరికి ఎవరు ఎవరో తెలియడం లేదు. కొన్ని ఫైళ్ళలో గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది, కొన్నిట్లో అందరూ బొంగురుగా, సాగదీసి మాట్లాడుతున్నారు. పైగా మధ్యలో ఒకచోట వైన్ ప్రకటన, ఇంకోచోట స్పార్క్ ప్లగ్గుల ప్రకటన. వాటిని దాటేస్తే కథేమైనా పోతుందా? పాడ్‌కాస్ట్ యాప్‌లో 1.25 వేగంతో, ఇయర్‌ఫోన్స్‌తో వింటున్నాను. అసలు ఏ సిరీస్‌తో మొదలుపెడితే మంచిది?

పాతటేపు:
ముందు ఆ 1.25 తీసేసి 1కి తెచ్చుకోండి. అంతకన్నా ముఖ్యం, యాప్‌లో ‘ట్రిమ్ సైలెన్స్’ లేదా ‘స్కిప్ సైలెన్స్’ అని ఉంటుంది, అది ఆపేయండి. కబుర్ల కార్యక్రమాలకు పనికొస్తుందేమో గానీ నాటకాన్ని చంపేస్తుంది. 1952లో సీబీఎస్ రేడియో నెట్‌వర్క్‌లో మొదలైన ‘గన్‌స్మోక్’ పెట్టి చూడండి. చెక్కల నడవ మీద బూటు అడుగు ఒక్కొక్కటే పడుతుంది, మడమ దగ్గరి ఇనుప ముల్లు గల్లుమంటుంది, మనిషి ఆగుతాడు, తలుపు కిర్రుమంటుంది. అప్పటిదాకా ఒక్కరూ నోరు విప్పరు. అడుగుకీ అడుగుకీ మధ్య ఖాళీని యాప్ మింగేస్తే, ఆచితూచి నడిచే మార్షల్ (ఆ కథలో పోలీసు అధికారి) కాస్తా పరుగందుకున్నట్టు వినిపిస్తాడు.

ఎవరు ఎవరో తెలియకపోవడానికి కారణం సాధారణంగా మొదటి మూడు నిమిషాలు పరధ్యానంగా వినడమే. రేడియో రచయితలు పాత్రల చేత ఒకరినొకరు పేరు పెట్టి పిలిపించేది అక్కడే. ఆ కాసేపు వేరే పని పెట్టుకోకండి, తర్వాత గిన్నెలు తోముకుంటూ విన్నా ఫరవాలేదు.

మొదలుపెట్టడానికి నా ఓటు ‘యువర్స్ ట్రూలీ, జానీ డాలర్’కే. అందులోనూ 1955 అక్టోబరు నుంచి ఏడాదికి పైగా బాబ్ బెయిలీతో వచ్చిన పావుగంట భాగాలు. చాలావరకు ఐదు భాగాలకు ఒక కథ. హీరో బీమా కంపెనీల తరఫున దర్యాప్తు చేసేవాడు, కథంతా ఖర్చుల పద్దుగా చెబుతాడు: టాక్సీకి ఇంత, హోటలుకి ఇంత. కొత్త పద్దు చదివాడంటే చోటు మారిందని అర్థం. కొత్త చెవికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

అందరూ చెప్పే ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ (1938 అక్టోబరు 30, ఆర్సన్ వెల్స్ నడిపించిన అంగారకుల దాడి కథ) మాత్రం మొదట పెట్టుకోకండి. వార్తా బులెటిన్ల తీరులో సాగే ముందు భాగం అద్భుతం. విరామం తర్వాత ఎక్కువగా ప్రొఫెసర్ స్వగతమే, బాగా నెమ్మది.

స్పెక్ట్రమ్:
నీళ్ళలోంచి వచ్చే గొంతు 32 కేబీపీఎస్ (సెకనుకు 32 కిలోబిట్లు) ఎంపీ3ల జబ్బు, మరీ ఎక్కువ కుదించినవన్నమాట. దానికి మందు లేదు, అదే భాగానికి వేరే కాపీ వెతుక్కోవాలి. ఫైలు సైజు చూస్తే తెలిసిపోతుంది: అరగంట కార్యక్రమం 7 ఎంబీ దగ్గరుంటే 32, 14 ఎంబీ దగ్గరుంటే 64. మోనోకి, అంటే ఒకే చానల్ ధ్వనికి, 64 సరిపోతుంది. అయితే ఎవరో 32ని మళ్ళీ 128గా మార్చి పెట్టిన ఫైళ్ళూ తిరుగుతుంటాయి, సైజు చూసి మోసపోకండి. ఓల్డ్ టైమ్ రేడియో రీసెర్చర్స్ బృందం సరిచూసి పెట్టిన సెట్లు ఆర్కైవ్‌లోనే ఉన్నాయి, ముందు అవి చూడండి.

బొంగురు గొంతు వేగం తేడా వల్ల. డిస్కు నుంచి టేపుకి, టేపు నుంచి టేపుకి ఎక్కించేటప్పుడు ఎక్కడో యంత్రం తేడాగా తిరిగి ఉంటుంది. ఎన్‌బీసీ అనే ఇంకో నెట్‌వర్క్ కార్యక్రమమైతే కొలబద్ద అందులోనే ఉంది: చివర మోగే మూడు గంటలు. మన లెక్కలో కింది ప, గ, స. మొదటిది 196 హెర్ట్జ్ ఉండాలి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క స్వరాన్ని సెలెక్ట్ చేసి ‘ప్లాట్ స్పెక్ట్రమ్’లో శిఖరం చూడండి. 190 చూపిస్తే 196ని 190తో భాగించండి, 1.032 వస్తుంది. అంటే వేగం 3.2 శాతం పెంచాలి. ‘చేంజ్ పిచ్’ కాదు, ‘చేంజ్ స్పీడ్’ (కొత్త వెర్షన్లలో ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’). మీరు చెప్పిన రెండూ సీబీఎస్‌వి, వాటికి ఈ గంటలు ఉండవు. మొదలూ చివరా తెగని ఫైలైతే నిడివి చూడండి: అరగంట కార్యక్రమం సుమారు 29:30 ఉండాలి. 30:40 చూపిస్తే నెమ్మదిగా తిరుగుతున్నట్టే.

అడుగున గుర్రుమనే మోత తగ్గించాలంటే 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకన్నా కింది ధ్వనిని కోసే ఫిల్టర్), బుస తగ్గించాలంటే 6000 దగ్గర లో పాస్ (అంతకన్నా పైది కోసేది) చాలు. నాయిస్ రిడక్షన్ తప్పదనుకుంటే 6 డెసిబెల్స్ దాటించకండి. 12 పెడితే మాటల వెనక పిచ్చుకల కిచకిచలు మొదలవుతాయి.

ఆకాశవాణి అభిమాని:
ప్రకటనల సంగతి. ‘సస్పెన్స్’లో రోమా వైన్, ఆటోలైట్ స్పార్క్ ప్లగ్గుల ప్రకటనలు చాలావరకు కథకు బయటే ఉంటాయి, దాటేసినా నష్టం లేదు. ‘ఫిబర్ మగీ అండ్ మాలీ’ అనే భార్యాభర్తల హాస్య సిరీస్‌లో అలా కుదరదు. ప్రకటనలు చెప్పే హార్లో విల్‌కాక్స్ వాళ్ళింటికే వచ్చి, మాటల్లోనే జాన్సన్స్ వ్యాక్స్ దూరుస్తాడు. దాటేస్తే జోకులూ పోతాయి. ప్రకటనలు అసలే వద్దనుకుంటే పేరులో ‘ఏఎఫ్ఆర్ఎస్’ అని ఉన్న ఫైళ్ళు వెతకండి. అవి విదేశాల్లోని సైనికుల కోసం ప్రకటనలు తీసేసి, ఆ ఖాళీల్లో సంగీతం నింపిన డిస్కులు.

మన సంక్షిప్త శబ్దచిత్రం అలవాటున్నవాళ్ళకి ‘లక్స్ రేడియో థియేటర్’ బాగా నచ్చుతుంది. మనవాళ్ళు సినిమా సౌండ్‌ట్రాక్‌నే కత్తిరించి గంటకు కుదించేవారు. లక్స్‌లో తరచు ఆ సినిమా నటులే వచ్చి మైకు ముందు, ప్రేక్షకుల ఎదుట, గంటలో మళ్ళీ నటించేవారు. చూసిన సినిమా ఎంచుకుంటే గొంతులు పోల్చుకునే బెడద చాలావరకు ఉండదు.

కొత్తశ్రోత:
వేగం, సైలెన్స్ రెండూ సరిచేశాను, తేడా బాగా తెలుస్తోంది. కానీ ఫోన్‌లో ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే ఒక్క ఫైల్లో గొంతు దాదాపు మాయమైపోతోంది, బుస మాత్రం మిగులుతోంది.

స్పెక్ట్రమ్:
మోనోని స్టీరియోగా ఎక్కించినప్పుడు ఒక చానల్ తలకిందులైంది. రెండూ కలిపితే గొంతు కొట్టుకుపోతుంది, రెండువైపులా వేర్వేరుగా ఉన్న బుస మిగులుతుంది. ఆడాసిటీలో ‘స్ప్లిట్ స్టీరియో టు మోనో’ నొక్కి, రెండు ట్రాకులూ విడిగా విని, బుస ఎక్కువున్నదాన్ని తీసేయండి. మిగిలినదాన్ని మోనోగానే 64లో సేవ్ చేసుకోండి.