క్లాట్ ప్యాసేజ్‌లు చదివే వేగం ఎలా పెంచాలి? తెలుగు మీడియం వాళ్లు చెప్పండి ప్లీజ్

ఇంటర్ సెకండియర్, సీఈసీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిసెంబర్‌లో క్లాట్ (నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్స్) రాయాలి. లాసెట్ (మన రాష్ట్ర లా కాలేజీల ఎంట్రన్స్) కూడా రాస్తా కానీ దానికి టెన్షన్ లేదు, పేపర్ తెలుగులోనూ ఉంటుంది, నెగెటివ్ మార్కులూ లేవు.

సమస్య అంతా క్లాట్‌తోనే. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, తప్పుకి 0.25 కోత, పేపరంతా ఇంగ్లీషే. లీగల్ రీజనింగ్ సెక్షన్‌లో ఒక్కో 450 పదాల ప్యాసేజ్‌కి, కింద ప్రశ్నలతో కలిపి, నాకు పది నిమిషాల పైనే పడుతోంది. మొన్న మాక్ టెస్ట్‌లో మైనర్‌తో చేసుకున్న ఒప్పందం చెల్లుతుందా అనే ప్యాసేజ్ వచ్చింది, ఒక్క వాక్యమే నాలుగు లైన్లు, చివరికొచ్చేసరికి మొదట్లో ఏమన్నాడో మర్చిపోయి మళ్లీ వెనక్కెళ్లా. టైమ్ పెట్టుకోకుండా చేస్తే అవే ప్రశ్నలు దాదాపు అన్నీ కరెక్టే. టైమర్ పెడితే మాత్రం 30 దాకా ముట్టుకోకుండానే మిగిలిపోతున్నాయి.

రోజూ ఇంగ్లీష్ పేపర్ ఎడిటోరియల్ చదువుతున్నా. ముందు ప్రశ్నలు చూసి తర్వాత ప్యాసేజ్ చదివే పద్ధతీ అయింది, ఇంకా గందరగోళం. లీగల్ చివరికి పెట్టి చూశా, అప్పటికి బుర్ర పనిచేయట్లేదు. 2024 నుంచి వచ్చిన పేపర్లన్నీ చేసేశా. కోచింగ్‌లో అడిగితే "ఇంకా మాక్‌లు రాయి" అంటారు, అది నాకూ తెలుసు కదా!

తెలుగు మీడియం నుంచి వచ్చి క్లాట్ గట్టెక్కినవాళ్లు ఉంటే, లీగల్ ప్యాసేజ్ ఒక్కసారి చదవగానే అర్థమయ్యేలా వేగం పెరగడానికి మీకు నిజంగా పనిచేసిన పద్ధతి ఏంటి?