తిరుపతి మేడ మీద నక్షత్రాలు చూడవచ్చా, చీకటి చోటు వెతుక్కోవలసిందేనా?

ప్రశ్న (తిరుపతి, కొత్త సభ్యుడు):
ఆకాశ వీక్షణాన్ని అభిరుచిగా మొదలుపెట్టాలని ఉంది. అయితే మా మేడ మీద వీధిదీపాల వెలుగు ఎక్కువ, పాలపుంత జాడే కనబడదు. ఇక్కడ టెలిస్కోపు కొంటే ప్రయోజనం ఉంటుందా, లేక వీలైనప్పుడు హార్స్‌లీ హిల్స్ వంటి చోటుకు వెళ్లి చూడటమే మేలా? పెద్దలు చెప్పగలరు.

చిత్తూరు సభ్యుడు:
కొత్తవారిని ఊళ్లోనే మొదలుపెట్టమనడం సరికాదని నా అభిప్రాయం. మంచి చీకటిలో మామూలు కంటికి ఆరో ప్రకాశ పరిమాణం (ఈ అంకె పెరిగే కొద్దీ నక్షత్రం మసక) వరకు నక్షత్రాలు కనబడతాయి. దీపాల ఊళ్లో నాలుగోది దాటడమే కష్టం. దేవయాని గెలాక్సీ విస్తారం, ధనుస్సు వైపు పాలపుంత చిక్కదనం మేడ మీద నుంచి ఎన్నటికీ తెలియవు. శాస్త్రవేత్తలు 2.3 మీటర్ల వేణు బాపు టెలిస్కోపును నగరంలో కాక తమిళనాడు జవ్వాదు కొండల్లోని కావలూరులో నెలకొల్పడానికి చీకటి ఒక ముఖ్య కారణం. టెలిస్కోపు డబ్బుతో 10×50 (పది రెట్లు పెద్దదిగా చూపే, 50 మి.మీ. కటకాలున్న) బైనాక్యులర్ కొనుక్కొని, అమావాస్యకు దగ్గరి రోజుల్లో 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ హిల్స్‌కు వెళ్లండి.

తిరుపతి సభ్యురాలు:
బైనాక్యులర్ విషయంలో చిత్తూరు వారితో పూర్తిగా ఏకీభవిస్తాను. మిగిలిన వాదనతో ఏకీభవించలేను, ఎందుకంటే ఊరి వెలుగు అన్నిటినీ ఒకేలా చెరపదు. గెలాక్సీలు, నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాల) వెలుగు ఆకాశంలో విశాలంగా పరచుకొని ఉంటుంది కనుక, వెనుకనున్న ఆకాశమే తెల్లబడితే అవి అందులో కలిసిపోతాయి. ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా రెండూ కలిసే పెద్దవవుతాయి. చంద్రుడు, గ్రహాలు, ప్రకాశవంతమైన జంట నక్షత్రాల సంగతి వేరు. శుక్ల పంచమి నుంచి దశమి వరకు ప్రతి సాయంత్రం చంద్రుడిపై వెలుగు, చీకటి కలిసే గీత జరుగుతూ కొత్త బిలాలను బయటపెడుతుంది. నవమి, దశమి నాటికి 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలం నీడలతో నిండి కనిపిస్తే, అది చూసిన పిల్లవాడు వీధిదీపాన్ని తలచుకోడు. గురుగ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాలు, స్థిరంగా పట్టుకుంటే, 10×50 బైనాక్యులర్‌కే అందుతాయి. హంస మండలంలోని అల్బీరియో చిన్న టెలిస్కోపులోనే బంగారు, నీలి రంగుల జంటగా విడిపోతుంది.

గ్రహాల వివరాలకు నిజమైన అడ్డు వీధిదీపం కన్నా గాలిలోని కదలిక. ఎండకు కాగిన సిమెంటు మేడ సాయంత్రం వేడిని వదులుతూ ఉంటుంది కనుక బింబం వణుకుతుంది. ఒంటిగంట తర్వాతో, తెల్లవారుజామునో చూస్తే అదే పరికరం ఎంతో నయంగా పనిచేస్తుంది. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని, ఫోను తెర చూడకుండా ఇరవై ముప్ఫై నిమిషాలు గడిపితే కన్ను చీకటికి అలవాటుపడుతుంది.

కావలూరు ఉదాహరణ మన ప్రశ్నకు సరిపోదు. వారికి కావలసింది అతి మసక వెలుగును కొలవడం. మనకు కావలసింది ఆకాశంతో పరిచయం, ఆ పరిచయం తరచుగా చూస్తేనే కలుగుతుంది.

చిత్తూరు సభ్యుడు:
మీరు చెప్పిన చంద్రుడు, గ్రహాలు ఎంతకాలం? ఆకాశపు విశాలత్వం ఒక్కసారి చూడనివారికి ఆ ఆసక్తి ఎలా నిలుస్తుంది? ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బులు తెస్తే మేడ మీద కూడా ఏమీ మిగలదు.

తిరుపతి సభ్యురాలు:
చీకటి ఆకాశం ఒక్కసారైనా చూడాలన్న మీ మాట నిజం, దానిని తగ్గించి మాట్లాడను. కానీ ఉద్యోగం, పిల్లల చదువు, రాత్రి ఘాట్ రోడ్డు ప్రయాణం గల ఇంట్లో, వీలైనప్పుడు మాత్రమే సాగే పనిని అభిరుచి అనడం నాకు కష్టం. చంద్రుడు, గ్రహాల తర్వాత ఏముందంటే, ఆల్గోల్ ఉంది. జనవరి, ఫిబ్రవరి సాయంత్రాల్లో ఉత్తర ఆకాశంలో బాగా ఎత్తున కనిపించే ఈ నక్షత్రం, 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకొకసారి, దాని తోటి నక్షత్రం ముందుకు రావడంతో, 2.1 నుంచి 3.4 పరిమాణానికి మసకబారి మళ్లీ కోలుకుంటుంది. పక్కనున్న నక్షత్రాలతో పోల్చి కాగితం మీద రాసుకుంటే చాలు, పరికరమే అక్కరలేదు. 2019 చివర, 2020 మొదట్లో ఆర్ద్ర నక్షత్రం అసాధారణంగా మసకబారినప్పుడు కూడా నగరాల్లోని వారు కంటితోనే ఆ తేడా గమనించగలిగారు.

మన అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు కావడం మరొక లాభం. ధ్రువ నక్షత్రం అంతే ఎత్తులో ఉంటుంది కాబట్టి అలిపిరి పరిసరాల్లో కొండ దాన్ని అడ్డుకోవచ్చు. కానీ దక్షిణాన, ఉత్తర ఐరోపా వారికి ఎన్నడూ కనిపించని ఒమెగా సెంటారీ నక్షత్రగుచ్ఛం మే నెల రాత్రుల్లో దాదాపు 29 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. దక్షిణం వైపు ఇళ్ల దీపాలు అడ్డులేని మేడ ఉన్నవారు బైనాక్యులర్‌తో అక్కడ ఒక మసక గుండ్రని మచ్చను పట్టుకోవచ్చు. ప్రశ్న అడిగిన మీరు ఈ వేసవిలో దానితో మొదలుపెట్టి, టెలిస్కోపు కొనుగోలును ఆ తర్వాతే ఆలోచించండి.