తాతయ్య బేకరీ బ్రెడ్ రుచి ఇంట్లో ఎందుకు రావట్లేదు?

రొట్టెపిచ్చి:
మా తాతయ్య పల్లెలో బేకరీ నడిపేవారు. ఇటుకల బట్టీ, కట్టెల మంట, ఆయనా ఒక కుర్రాడూ, అంతే. అందరూ నిద్రపోయే వేళకి ఆయనకి తెల్లారేది, ఎప్పుడు చూసినా కనుబొమల మీద పిండే. ఆయన పోయాక బట్టీ కూడా పడగొట్టేశారు. ఈమధ్య పాత సామాన్లు సర్దుతుంటే ఆయన పద్దుల పుస్తకం దొరికింది, అందులో కొట్టేసిన అప్పులకంటే కొట్టెయ్యనివే ఎక్కువ. ఒక పేజీ మూల పెన్సిల్‌తో ఇలా ఉంది: పిండి 100, నీళ్లు 62, ఉప్పు 2, నిన్నటి ముద్ద 20. ఈస్ట్ ఊసే లేదు! నేను ఈస్ట్ వేసి రెండు గంటలు పొంగనిచ్చి కాలిస్తే బ్రెడ్ వస్తోంది గానీ తెల్లగా, చప్పగా ఉంటోంది. ఆయన రాయని చిట్కా ఏదైనా ఉండుంటుందా?

పిండిమర:
చిట్కా రాసే పెట్టారండీ. అవి కిలోలు కావు, శాతాలు. మేం బేకర్లం పిండిని 100 అనుకుని మిగతావన్నీ దాన్నిబట్టే రాసుకుంటాం, పది కిలోలు కలిపినా యాభై కలిపినా లెక్క అదే. నిన్నటి ముద్ద అంటే ముందురోజు పిండిలోంచి తీసి దాచింది. అందులో ఈస్ట్, బ్యాక్టీరియా బతికే ఉంటాయి, మర్నాటి పిండిని పొంగించేది అదే, మెల్లగా పులిసేటప్పుడు పుట్టే ఆమ్లాల వల్లే ఆ రుచి. రెండు గంటల్లో ఎక్కడొస్తుంది? రాత్రి కొంచెం పిండి, నీళ్లు, చిటికెడు ఈస్ట్ కలిపి మూతపెట్టి వదిలెయ్యండి, పొద్దున అదే మీ నిన్నటి ముద్ద.

నిప్పులగుండం:
ముద్ద సగమే, మిగతా సగం బట్టీ. గంటల తరబడి కట్టెలు మండించి, నిప్పులు బయటికి లాగేసి, నేలంతా తడిగుడ్డతో తుడిచి, ఇటుకలు పీల్చుకున్న వేడితోనే కాలుస్తారు. గుప్పెడు పిండి నేల మీద చల్లి చూడటం పాత పద్ధతి: చల్లగానే నల్లబడితే ఆగాలి, నిదానంగా గోధుమరంగుకి తిరిగితే ముద్దలు లోపలికి. అన్ని బ్రెడ్లూ ఒకేసారి పెట్టడంతో బట్టీ నిండా ఆవిరి, దానివల్ల పై పొర తొందరగా బిగుసుకోదు, బ్రెడ్ బాగా పొంగుతుంది. ఇంటి ఓవెన్‌లో ఒక్క బ్రెడ్‌కి అంత ఆవిరి ఎక్కణ్ణుంచి వస్తుంది? మందపాటి ఇనుప గిన్నెని మూతతో సహా 240 డిగ్రీల దగ్గర అరగంట కాచి, ముద్ద వేసి మూతపెట్టి 20 నిమిషాలు, మూత తీసి ఇంకో 20. ముదురు రంగు వచ్చేదాకా తీయకండి, వాసనంతా ఆ రంగులోనే ఉంది. అడుగున తట్టితే డొల్లగా మోగాలి.

నిద్రచాలనివాడు:
అన్నీ నిజమే గానీ ఒక మాట. మా నాన్నదీ ఇదే పని. ఏళ్ల తరబడి పిండి దుమ్ము పీల్చి ఆయాసం పట్టుకుంది, దాన్ని బేకర్ల ఆస్తమా అంటారని డాక్టర్ చెబితేనే తెలిసింది. పండగ లేదు, పబ్బం లేదు. మా ఇంట్లో ఎవరూ ఆ పనిలోకి దిగలేదు, నాకు ఆ బాధా లేదు. బ్రెడ్ మాత్రం అద్భుతంగా ఉండేది, కాదనను.

రొట్టెపిచ్చి:
తాతయ్యకీ దగ్గు ఉండేదండీ, అందరం పొగతాగడం వల్లే అనుకున్నాం. మీరు చెబితే ఇప్పుడు అనుమానం వస్తోంది. సరే, రాత్రికి ముద్ద కలిపేశాను. కాల్చాక వెంటనే కోసెయ్యొచ్చా?

పిండిమర:
ఎంత నోరూరినా గంటన్నా ఆరనివ్వండి, వేడి మీద కోస్తే లోపల జిగటగా ఉంటుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చల్లదనానికి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో వెయ్యండి. రేపటికి ముద్ద తీసి పెట్టడం మర్చిపోకండి.