మున్సిపల్ గోల్ఫ్ కోర్సు డిజైన్ బాగుందో లేదో దేన్ని బట్టి చెప్పాలి?

నమస్కారమండీ, మాది కర్నూలు. పోయినేడు టెక్సస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు అక్కడి మున్సిపల్ గోల్ఫ్ కోర్సులో ఆడేవాణ్ణి. ఫీజు తక్కువ, ఎవరైనా ఆడొచ్చు. హైదరాబాద్ వెళ్లి ఆడే మా బావ ఫొటోలు చూసి "గడ్డి సరిగా లేదు, బంకర్లు (ఇసుక గుంటలు) కూడా తక్కువే, ఇదేం కోర్సు" అని తీసిపారేశాడు. నాకు మనసొప్పడం లేదు. అమెరికాలో పేరుమోసిన అగస్టా నేషనల్ కోర్సు 1933లో తెరిచినప్పుడు అక్కడా 22 బంకర్లేగా!

ఒక్క హోల్ (కోర్సులో మొదటి దెబ్బ నుంచి గుంట దాకా ఉండే ఒక భాగం) సంగతి చెప్తాను. పార్ 4, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సింది; పొడవు 300 గజాల లోపే. ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి) బాగా వెడల్పు, సరిగ్గా మధ్యలో చిన్న బంకర్. ఎడమవైపు కొట్టడం సులువే, కానీ అక్కణ్ణుంచి చూస్తే గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) అవతలికి వాలి ఉంటుంది, బంతి ఆగదు. కుడివైపు వాగు పక్కగా ధైర్యం చేసి వేస్తేనే గ్రీన్ మనకు ఎదురుగా తెరుచుకుంటుంది. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సును మెచ్చుకునేదీ ఇలాంటి కోణాలకే కదా? అదీ పబ్లిక్ కోర్సే.

గడ్డి పోషణ వేరు, డిజైన్ వేరు అని నా గట్టి నమ్మకం. తెలిసినవాళ్లు ముందు దేన్ని చూస్తారు? గ్రీన్ల వాలా, హోళ్లలో వైవిధ్యమా, నడవడానికి వీలా? ఫొటోలు కాకుండా ఏం చూపిస్తే మా బావ ఒప్పుకుంటాడో కూడా చెప్పండి.